రంగు వేసేది వెనక, చూసేది ముందు

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, అంటే తెలుగు భాషా దినోత్సవం రోజు, మన క్లబ్ ఒక వెలిగే బోర్డు పెట్టింది. "కథ చెబుతాం, ఊ కొట్టండి" అని పసుపు అక్షరాలు, పక్కన ఒక చిలక. ఆ రోజు నుంచి నన్ను అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: గోరుతో గీకినా రంగు ఎందుకు రావట్లేదు? (గీకి చూసినవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.) మీరు గీకుతున్నది రంగుని కాదు, ప్లాస్టిక్‌ని. రంగు అవతలి వైపు ఉంది. ఈ ఒక్క మాట అర్థమైతే పని సగం అర్థమైనట్టే. మిగతా సగం రాసిమ్మని ఎడిటర్ అక్క అడిగింది.

పారదర్శకమైన షీట్‌కి వెనక వైపు రంగు వేస్తే ముందు వైపు నునుపు, మెరుపు అలాగే ఉంటాయి. వాన, దుమ్ము, గోళ్లు అన్నీ ప్లాస్టిక్‌తోనే తేల్చుకోవాలి. ఇది కొత్త తెలివేం కాదు. తంజావూరులో గాజు వెనక దేవుడి బొమ్మలు వేసే పద్ధతి ఉంది. పాత కార్టూన్ సినిమాలకి సెల్యులాయిడ్ షీట్ ముందు వైపు ఇంకుతో గీతలు గీసి, వెనక వైపు రంగు నింపేవాళ్లు, అందుకే ఆ బొమ్మల్లో బ్రష్ జాడలు కనబడవు. రిమోట్ రేసింగ్ కార్ల పైన ఉండే పల్చటి పాలికార్బొనేట్ బాడీకి కూడా లోపలి నుంచే రంగు కొడతారు. మా నాన్న దాచుకున్న సీడీలు కూడా ఇంతే. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌కి ఒకవైపు డేటా, ఇంకోవైపు నుంచి దాన్ని చదివే లేజర్. చదివే వైపు గీతలు పడినా చాలాసార్లు పాట వస్తుంది. లేబుల్ వైపు గీత పడిందా, ఆ పాట పోయినట్టే. మన బోర్డుకీ ఇదే వర్తిస్తుంది. ముందు వైపు గట్టిది, వెనక వైపు సున్నితమైనది. గోడకి తగిలించేటప్పుడు జనం దీన్ని తిరగేసి ఆలోచిస్తారు.

సరే, షీట్ దగ్గరికి వద్దాం. షాపుకి వెళ్లి అడిగితే పారదర్శకంగా ఉన్న ప్రతిదాన్నీ "అక్రిలిక్" అని ఇచ్చేస్తారు. కానీ అందులో కనీసం ఐదు రకాల ప్లాస్టిక్‌లు ఉండొచ్చు, రంగుతో వాటి ప్రవర్తన ఒకదానికొకటి సంబంధం ఉండదు. అసలు అక్రిలిక్ అంటే పాలీమిథైల్ మిథాక్రిలేట్. గట్టిగా ఉంటుంది, వంచితే టక్కున విరుగుతుంది. పడిన వెలుతురులో 92 శాతం దాకా అవతలికి పంపుతుంది. పాలికార్బొనేట్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ, పల్చటి ముక్కని వంచితే విరగకుండా వంగిపోతుంది. దీన్ని 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే కనిపెట్టారు. మన అమ్మానాన్నల కాలంలో సెమినార్లకి వాడిన ఓహెచ్‌పీ షీట్లు పాలియెస్టర్. రికార్డులు పెట్టుకునే పల్చటి ఫైల్ కవర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్. డైనింగ్ టేబుల్ మీద పరిచే మెత్తటి షీట్ పీవీసీ.

ఈ చివరి రెండింటినీ రంగు పనికి దూరంగా పెట్టండి. పాలీప్రొపిలీన్ ఉపరితలం దేన్నీ అంటనివ్వదు. తామరాకు మీద నీటిబొట్టులాగా రంగు ముడుచుకుపోతుంది, ఆరాక పొరలా లేచి వచ్చేస్తుంది. దాన్ని గుర్తుపట్టడం తేలిక. చిన్న ముక్క కత్తిరించి నీళ్లలో వేస్తే తేలుతుంది, మిగతావన్నీ మునుగుతాయి. మెత్తటి పీవీసీలో దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి వచ్చి రంగులో కలుస్తుంది, దాంతో ఆ రంగు ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. ఇంకో సంగతి, ఫ్యాబ్ ల్యాబ్‌కి వెళ్లేవాళ్లకి. అక్రిలిక్ లేజర్ కింద చక్కగా తెగుతుంది. పాలికార్బొనేట్ మాడి పసుప్పచ్చగా అవుతుంది. పీవీసీ పెడితే మాత్రం హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది మన ఊపిరితిత్తులనీ తినేస్తుంది, మెషిన్‌నీ తినేస్తుంది. ఏ ప్లాస్టికో తెలియని షీట్‌ని లేజర్ కింద పెట్టకూడదన్న రూల్ అందుకే. "చిన్న ముక్కే కదా" అంటే ల్యాబ్ సార్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే కరెక్ట్.

ఇప్పుడు అందరూ దాటేసే విషయం, థిన్నర్. షీట్ మీద జిడ్డు ఉంటే మన చెయ్యి ముందు వెళ్లేది థిన్నర్ సీసా మీదకే, లేదంటే నెయిల్ పాలిష్ రిమూవర్ మీదకి. రెండూ వద్దు. అసిటోన్ అక్రిలిక్‌ని కరిగిస్తుంది, పాలికార్బొనేట్‌ని తెల్లగా మబ్బు పట్టిస్తుంది. కళ్లకి కనిపించే నష్టం ఇది. కనిపించనిది ఇంకొకటి ఉంది. ప్లాస్టిక్ షీట్‌ని కోసిన అంచు దగ్గర, రంధ్రం చుట్టూ, వంచిన చోట లోపల ఒక లాగుడు మిగిలి ఉంటుంది. బయటికి ఏమీ తెలియదు. అక్కడికి సాల్వెంట్ చేరితే పొడవాటి పాలిమర్ గొలుసుల మధ్య దూరి వాటి పట్టు సడలిస్తుంది. అప్పటిదాకా ఓపిక పట్టిన ఆ లాగుడు ఒక్కసారిగా బయటపడి, వెండి దారాల్లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి. క్రేజింగ్ అంటారు దీన్ని. లేజర్‌తో కోసిన అక్రిలిక్ అంచుని స్పిరిట్‌తో తుడిస్తే కొద్దిసేపట్లోనే కనిపించవచ్చు. స్పిరిట్ సాఫ్ట్ అనుకుంటాం, ల్యాబ్‌లో అన్నిటికీ అదే వాడతాం కాబట్టి. కోసిన షీట్‌ని ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి మెల్లగా చల్లారిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. మాకు అంత ఓపిక లేదు, సబ్బు నీళ్లతో సరిపెట్టాం.

బోర్డు పగిలితే ఇంకో బోర్డు. హెల్మెట్ అలా కాదు. హాస్టల్ పార్కింగ్‌లో చూడండి, హెల్మెట్లకి స్ప్రే రంగులు, మంటల డిజైన్లు, వైజర్ మీద సినిమా హీరో పేరు. మంచి వైజర్లు ఎక్కువగా పాలికార్బొనేట్‌వే. హెల్మెట్ డొప్ప కూడా చాలావాటిలో పాలికార్బొనేటో, ఏబీఎస్ ప్లాస్టికో. మామూలు స్ప్రే డబ్బాలో ఉండే సాల్వెంట్లు, థిన్నర్, బైక్ కడగడానికి వాడే పెట్రోల్, ఇవన్నీ ఇందాక చెప్పిన పనే చేస్తాయి. రంగు అందంగా ఆరుతుంది, పగుళ్లు ఆ రంగు కిందే ఉండిపోతాయి. మామూలు రోజుల్లో తేడా ఏమీ తెలియదు. డొప్ప గట్టితనం అవసరమయ్యేది ఒకే ఒక్క క్షణం, ఆ క్షణంలో దాన్ని పరీక్షించి చూసుకునే వీలుండదు. హెల్మెట్ లోపల అతికించిన కాగితం మీద రంగులు, పెట్రోల్, సాల్వెంట్లు తగలనివ్వొద్దని కంపెనీలు రాస్తాయి. మనం ఆ కాగితాన్ని మొదటి రోజే పీకేస్తాం. ఇప్పటికే రంగు కొట్టి ఉంటే కొత్తది కొనుక్కోండి. నేను ఈ వ్యాసం ఒప్పుకోవడానికి కారణాల్లో ఇదొకటి.

తుడవడానికి ఏం వాడాలి మరి? గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో, మెత్తటి పాత నూలు గుడ్డ. అంతే. న్యూస్ పేపర్ వద్దు, గీతలు పడతాయి. పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో స్టాటిక్ పుట్టి చుట్టుపక్కల దుమ్మునంతా పిలుచుకుంటుంది, కాబట్టి చివరిసారి తుడుపు కూడా తడిగుడ్డతోనే. కొత్త షీట్‌కి రెండు వైపులా కాపలా ఫిల్మ్ ఉంటుంది. రంగు వేసే వైపు మాత్రమే తీయండి. ముందు వైపుది అన్నీ అయ్యాక, చిట్టచివర. మా రూమ్మేట్‌కి ఫిల్మ్ పీకడమంటే మహా ఇష్టం, కొత్త ఫోన్ వస్తే ఇంట్లో అందరిదీ తనే పీకుతాడట. పని జరిగినన్ని రోజులూ షీట్‌ని అతనికి కనబడకుండా దాచాం.

తరువాత 600 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగా, తేలిగ్గా, గుండ్రంగా రుద్దాలి. నునుపైన ప్లాస్టిక్ రంగుని పీల్చుకోదు, పట్టుకోవడానికి దానికి సన్నటి గీతలు కావాలి. రుద్దగానే షీట్ మంచు పట్టిన అద్దంలా అయిపోతుంది, గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. రంగు పడగానే ఆ మంచు మాయమవుతుంది. అక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49. గాలిది 1. ఈ తేడా వల్లే గీతల దగ్గర వెలుతురు చెల్లాచెదురై తెల్లగా కనిపిస్తుంది. రంగులో ఉండే బైండర్‌ది కూడా ఇంచుమించు 1.5. గీతల్లోకి అది నిండితే వెలుతురుకి అక్కడ గీత ఉందన్న సంగతే దాదాపు తెలియదు. ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన నంబర్ ఇలా కళ్లముందు పనిచేస్తుంటే భలే అనిపించింది. ఒక్క జాగ్రత్త, రంగు లేకుండా వదిలేసే చోట మాత్రం రుద్దకూడదు. అక్కడ మంచు మంచుగానే ఉంటుంది.

ఇక అక్షరాలు. వెనక రాస్తున్నాం కాబట్టి తిరగేసి రాయాలి. షీట్ పారదర్శకమే కదా, ప్రింట్ తీసిన కాగితాన్ని అవతల అంటించి ఇవతల నుంచి దిద్దేస్తే అదే తిరగబడుతుంది అనుకుంటారు చాలామంది. ఆలోచించండి. అక్షరాలు షీట్ వైపు ఉండేలా అంటిస్తే, వెనక నుంచి మీకు సరిగ్గానే కనిపిస్తాయి, మీరు సరిగ్గానే దిద్దుతారు, ముందు నుంచి చూసేవాడికి తలకిందుల తెలుగు. కాగితాన్ని తిప్పి, అక్షరాలు బయటికి ఉండేలా అంటించి, అవతల లైట్ పెట్టి, కాగితం గుండా కనిపించే నీడని దిద్దాలి. లేదా కంప్యూటర్‌లోనే అడ్డంగా తిప్పి ప్రింట్ తీయాలి. మేం తిప్పిన ఫైల్‌ని స్టిక్కర్ కటింగ్ షాపులో ఇచ్చాం. అక్కడి అన్నకి ఇంగ్లిష్ బోర్డుల్లో తప్పు పట్టేంత అలవాటు ఉంది గానీ తిరగేసిన తెలుగు మాత్రం మా పూచీ అన్నాడు.

నేను చదివింది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగు అక్షరాన్ని నేను చదువుతాను, అంతే. దాని ఆకారాన్ని ఎప్పుడూ చూడలేదని తిరగేశాకే తెలిసింది. తలకట్టు పొడవాటి చెయ్యి కుడికి కాకుండా ఎడమకి లేస్తోంది. "బు"కి కుడివైపు ఉండే కొమ్ము ఎడమకి వచ్చింది. సున్నా అక్షరం తరువాత కాకుండా ముందు కూర్చుంది. తిరగేసిన మాట చదవడం కుదరదు కాబట్టి మెదడు అర్థం వైపు పరిగెత్తదు. ఒక్కో వంపూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూడక తప్పదు. థ, ధల మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే అని పరీక్షలో రాసే ఉంటాను, కానీ స్టిక్కర్ మీద ఆ చుక్క విడి ముక్కగా, ఆవగింజంత, బ్లేడు కొనకి అంటుకుని కనిపించినప్పుడు అది వేరే సంగతి. అది ఊడిపోతే మన బోర్డు "కథ" కాదు, "కధ". తెలుగు దినోత్సవం రోజు, తెలుగు క్లబ్ బోర్డు మీద, తెలుగు మేడమ్ కళ్లముందు! ఆ చుక్కని అదనంగా రెండు కట్ చేయించి, ఒక పుస్తకం అట్టకి అంటించి దాచుకున్నాం. ఫోన్లో "కధ" అని టైప్ చేసే స్నేహితులందరికీ ఆ అట్ట చూపించాలని ఉంది.

స్టిక్కర్ అంటే అక్షరం ఆకారంలో ఉన్న మాస్క్. దాన్ని షీట్ వెనక అంటించి, చుట్టూ ఉన్నదీ, గుండ్రటి అక్షరాల కడుపులో ఉన్నదీ తీసేయాలి. మన లిపిలో ఎన్ని కడుపులున్నాయో లెక్కపెట్టాల్సి వస్తే ఇంగ్లిష్ మీద అసూయ పుడుతుంది. అంచుల్ని గోటితో గట్టిగా నొక్కి, మొదటి పూత చాలా పల్చగా, స్పాంజితో అద్దాలి. బ్రష్‌తో తోస్తే రంగు స్టిక్కర్ కిందకి పాకుతుంది.

ఏ రంగు ముందు? ఇక్కడ మన సీఎస్‌ఈ వాళ్లకి పండగ. గ్రాఫిక్స్‌లో పెయింటర్స్ అల్గారిథమ్ ఉంటుంది కదా, దూరంగా ఉన్నది ముందు గీసి దగ్గరది దాని మీద గీయడం. కాగితం మీద అందరం చేసేది అదే. షీట్ వెనక అది పూర్తిగా తిరగబడుతుంది. చూసేవాడికి దగ్గరది ముందు వేయాలి, ఆకాశం ఆఖర్న. ముందు పడిన రంగే గెలుస్తుంది. దాని మీద ఎన్ని పూసినా ముందు నుంచి కనబడదు, జెడ్-బఫర్‌లో దగ్గరి పిక్సెల్ కూర్చున్నాక దూరం పిక్సెల్‌ని తోసిపుచ్చినట్టు. చిలకని తీసుకోండి. ముందు కంట్లో నల్లటి పాప. ఆరాక దాని చుట్టూ తెలుపు, నలుపు మీదకి పొర్లినా పర్లేదు. తరువాత ఎర్ర ముక్కు, రెక్కల మీది గీతలు, మెడ చుట్టూ హారం. అన్నిటి మీదా ఆకుపచ్చ గుమ్మరించడమే. వెనక నుంచి చూస్తే ఆకుపచ్చ ముద్ద తప్ప ఏమీ లేదు, తిప్పితే చిలక. అండూ మాత్రం లేదు. మొదటి పూత ఆరాక మనసు మారితే మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అందుకని వేసేముందే పొరల వరుస కాగితం మీద రాసుకోవాలి.

బోర్డుకి మేం రాసుకున్న వరుస: నలుపు, పసుపు, ఆఖరున కాంతిని పరిచే తెలుపు. స్టిక్కర్ అక్షరాల చుట్టూ నీళ్లతో కలిపే అక్రిలిక్ నలుపు అద్ది, పూర్తిగా ఆరకముందే స్టిక్కర్ తీసేశాం. పూర్తిగా ఆరాక తీస్తే అంచుల్లో నలుపు పెచ్చులుగా లేస్తుంది. ఇప్పుడు అక్షరాలు కిటికీల్లా ఖాళీగా ఉన్నాయి. ఆ కిటికీల మీద పసుపు పూస్తే చాలు, అది నలుపు మీదకి ఎంత పారినా ముందు నుంచి తెలియదు. ముదురు రంగు ముందు, లేత రంగు వెనక అని రేసింగ్ కార్లకి రంగులేసేవాళ్లు చెప్పేది కూడా ఇందుకే. వరుస తిరగేస్తే పసుపు గుండా నలుపు తొంగిచూసి బురద రంగు వస్తుంది.

పసుపు ఏ పసుపైతే ఏంటి అనుకోకండి. పోస్టర్ కలర్ పసుపు పగలు దివ్యంగా ఉంటుంది, వెనక దీపం పెడితే మసిబారినట్టు చచ్చిపోతుంది. అందులో ఉండే పొడి వెలుతురుని వెనక్కి కొడుతుందే గానీ దాటనివ్వదు. దీపం ముందు నిలబడే రంగుకి పారదర్శకత కావాలి, అందుకే గ్లాస్ కలర్స్ వాడాం. తోలుబొమ్మలాట వాళ్లకి ఇది ఏనాటి నుంచో తెలిసిన విద్య. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుని వెలుతురు దాటేంత పల్చగా గీకి, రెండు వైపులా రంగు దిద్దుతారు. తెర వెనక దీపం వెలిగిస్తే బొమ్మ ఎటు తిరిగినా అదే రంగు. నగల చోట సన్నటి రంధ్రాలు పొడిస్తే అవి మెరుస్తాయి. మనకి మాత్రం రంధ్రాలు శత్రువులు. నలుపు పూతలో కంటికి కనబడని సూది బెజ్జాలుంటాయి, దీపం వెలిగించగానే అవి నక్షత్రాల్లా బయటపడతాయి. చీకటి గదిలో ఫోన్ టార్చ్ వెనక పెట్టి వెతికి, ఒక్కొక్కటీ పూడ్చాలి. మూడు పూతల తరువాత కూడా మాకు "ఊ" పక్కన ఒక సప్తర్షి మండలం మిగిలింది. నాలుగో పూతతో అది అస్తమించింది.

రంగు నిజంగా అంటుకుందో లేదో తేల్చుకోవడానికి షీట్ కోసినప్పుడు మిగిలిన ముక్క మీద అదే రుద్దుడు, అవే పూతలు వేసి రెండు రోజులు ఆగండి. బ్లేడుతో నిలువుగా అడ్డంగా గళ్లు గీసి, సెల్లో టేప్ గట్టిగా అంటించి, ఒక్క గుంజు గుంజండి. ఇది పరిశ్రమల్లో చేసే పరీక్షే, ఏఎస్‌టీఎం డీ3359 అనే ప్రమాణంలో ఉంటుంది. గళ్లు గళ్లుగానే ఉంటే బోర్డు మీద ధైర్యంగా వేయొచ్చు. రుద్దకుండా వేసిన ముక్క మీద కూడా మేం చేసి చూశాం. టేప్ మీద నల్లటి చదరంగం మొత్తం వచ్చేసింది, ప్లాస్టిక్ కడిగిన ముత్యంలా మిగిలింది.

తెలుపు బదులు చివరికి ట్రేసింగ్ పేపర్ వాడాం, ఎల్‌ఈడీల చుక్కలు కనబడకుండా అదే బాగా పరిచింది. బిగించేటప్పుడు ఒక లెక్క చేయాల్సి వచ్చింది. అక్రిలిక్ ఒక మీటరుకి, ఒక డిగ్రీకి సుమారు 0.07 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. మన షీట్ రెండడుగులు. తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నం ఎండకీ 30 డిగ్రీల తేడా అనుకుంటే ఒక మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. స్క్రూ బిగుతుగా ఉంటే ఆ పెరిగేది ఎటూ పోలేక రంధ్రం దగ్గర పగులుతుంది. అందుకే 4 మిల్లీమీటర్ల స్క్రూకి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, రబ్బరు వాషర్ పెట్టి, వేళ్లతో తిప్పగలిగినంతే తిప్పి వదిలేశాం. ఆ తరువాత రూమ్మేట్‌ని పిలిచి, ముందు వైపు ఫిల్మ్ నువ్వే పీకు అన్నాం.